పురుగు కుడితే ఇంట్లో ఏం చేయాలి, కుట్టకుండా ఏం చూసుకోవాలి

ఏది కుట్టినా మన ఇళ్లలో చేయి ముందు సున్నం డబ్బా మీదికో పసుపు డబ్బా మీదికో పోతుంది. పోవాల్సింది కుళాయి దగ్గరికి. దోమ, చీమ, తేనెటీగ, కందిరీగ... వీటిలో చాలా కాట్లు సబ్బునీళ్లు, చల్లదనం, గోకకుండా ఓర్చుకోవడం ఈ మూడింటితోనే తగ్గిపోతాయి. తగ్గనివి కొన్ని ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడం మందు రాయడం కంటే ముఖ్యం.

మొదటి పది నిమిషాలు

1. ముందు అక్కడి నుంచి కదలండి. తేనెటీగను చేత్తో కొట్టి చంపితే దాని ఒంట్లోంచి అరటిపండు వాసన లాంటిది వస్తుంది. మిగతా ఈగలకు అది దాడికి పిలుపు. తేనెతుట్టె కదిలిందంటే ముఖం, కళ్లు, నోరు కప్పుకుని తలుపులున్న గదిలోకో కారులోకో పరుగెత్తండి. నీళ్లలో దూకితే లాభం లేదు, మీరు తల పైకెత్తేదాకా అవి అక్కడే తిరుగుతుంటాయి.

2. తేనెటీగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది, దాంతోపాటు విషపు సంచీ కూడా. ఈగ ఎగిరిపోయాక కూడా ఆ సంచీ విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మొదటి అర నిమిషంలోనే ఎక్కేస్తుంది. అందుకే గోరుతోనో ఏటీఎం కార్డు అంచుతోనో చిమటాతోనో, ఏది చేతికందితే దాంతో వెంటనే లాగేయండి. సంచీ నలిగితే విషం ఇంకా దిగుతుందని భయపడి చిమటా కోసం ఇల్లంతా వెతికేవాళ్లుంటారు. ఎలా తీశారన్నది పెద్ద తేడా చేయదు, ఎంత త్వరగా తీశారన్నదే లెక్క. కందిరీగ ముల్లు వదలదు, అదే మళ్లీ మళ్లీ కుట్టగలదు. దాని ముల్లు కోసం వెతుకుతూ కూర్చోకండి.

3. చేతి మీదో వేలి మీదో కుడితే ఉంగరాలు, గాజులు, వాచీ అప్పుడే తీసేయండి. కాలికైతే మెట్టెలు. అరగంట పోయాక వాపెక్కిన వేలికున్న ఉంగరాన్ని కత్తిరించాల్సి వస్తుంది.

4. సబ్బుతో, మామూలు నీళ్లతో నెమ్మదిగా కడగండి. రుద్దకండి.

5. ఐస్ ముక్కల్ని పలుచటి బట్టలో చుట్టి 10 నిమిషాలు ఉంచండి. 10 నిమిషాలు ఆపి మళ్లీ పెట్టండి. ఐస్‌ను నేరుగా చర్మం మీద పెడితే ఆ చోట మొద్దుబారి చర్మం దెబ్బతింటుంది, పసిపిల్లల్లో మరీ త్వరగా. చేయో కాలో అయితే దిండు మీద ఎత్తి పెట్టండి.

6. దురదకు కాలమైన్ లోషన్. అడుగున పేరుకుని ఉంటుంది కాబట్టి సీసా బాగా ఊపి రాయండి. వాపు, ఎరుపు ఎక్కువగా ఉంటే 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము పలుచగా, రోజుకు రెండుసార్లు, మూడు నాలుగు రోజులకు మించకుండా. చర్మం చిట్లిన చోట, కంటి దగ్గర వద్దు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే తామర ట్యూబుల్లో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది, అవి వేరు, ఇది వేరు.

7. దురదకు నిద్ర పట్టకపోతే పెద్దవాళ్లు సెట్రిజిన్ 10 మి.గ్రా. రాత్రి ఒకటి వేసుకోవచ్చు. కొందరికి మత్తుగా ఉంటుంది, వేసుకుని బండి నడపకండి. చిన్నపిల్లలకు, గర్భిణులకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరును అడగకుండా వద్దు.

నొప్పికి పారాసెటమాల్ చాలు. పిల్లలకు కిలో బరువుకు 15 మి.గ్రా. చొప్పున, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. పొరపాటు జరిగేది లెక్కలో కాదు, సీసాలో. ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉంటుంది, ఇంకోదాంట్లో 250. పది కిలోల బిడ్డకు మొదటిదైతే 6 మి.లీ., రెండోదైతే 3 మి.లీ. పాత సీసా కొలతతో కొత్త సీసా మందు పోస్తే రెట్టింపు పడుతుంది. పోసే ముందు ప్రతిసారీ లేబుల్ చదవండి.

ఇక సున్నం సంగతి. సున్నం ఘాటైన క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. కందిరీగ విషాన్ని అది విరిచేస్తుందని నమ్మి గట్టిగా పట్టిస్తే కాటు మానాక కూడా సున్నం పుండు మిగులుతుంది. కిరోసిన్, పెట్రోలు, టూత్‌పేస్టు, అగ్గిపుల్ల మందు కూడా అంతే. పసుపు పెద్దగా హాని చేయదు కానీ, దాని రంగు కింద ఎరుపు పాకుతోందో లేదో కనబడదు. ఇనుము రుద్దితే ఆ చల్లదనం కాసేపు హాయిగా ఉంటుంది. ఆ హాయి స్టీలు గ్లాసుతోనూ వస్తుంది.

ఎప్పుడు 108కి ఫోన్ చేయాలి

కుట్టిన చోట కాకుండా వేరే చోట ఏదైనా మొదలైతే జాగ్రత్తపడాలి. చేతి మీద కుడితే ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక, కళ్లు ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం... ఇది తీవ్రమైన అలర్జీ. చాలామందిలో కుట్టిన కొద్ది నిమిషాల్లోనే, ఎక్కువగా అరగంటలోపే మొదలవుతుంది. దీనికి అసలు మందు తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. సెట్రిజిన్ బిళ్ల, ఆస్తమా ఇన్‌హేలర్ దాని పని చేయవు. బిళ్ల వేసి చూద్దామని ఆగడమే ఇక్కడ జరిగే పెద్ద తప్పు.

అంబులెన్సు వచ్చేలోపు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. ఆయాసం ఉంటే కూర్చోబెట్టండి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. లేపి నడిపించవద్దు. ఒక్కసారిగా లేవగానే బీపీ పడిపోతుంది. ఇంజెక్షన్ పడి కుదుటపడ్డాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచమంటారు. ఆ లక్షణాలు మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి తొందరపడి ఇంటికి తీసుకురావద్దు.

అలర్జీ లేకపోయినా నోటి లోపల, గొంతులో, కంటి మీద కుడితే ఆసుపత్రికి వెళ్లాలి. చాలా ఈగలు ఒకేసారి కుట్టినా అంతే. పిల్లలకైతే పది కాట్లు దాటినా ఆగవద్దు. మూత్రం కాఫీ రంగులో వస్తే కిడ్నీల మీద దెబ్బ పడుతోందని అర్థం.

తేలు, జెర్రి, చీకట్లో కుట్టిన తెలియనిది

నల్లగా పెద్దగా ఉండే మండ్రగబ్బను చూస్తే గుండె గుభేలుమంటుంది కానీ, మన దగ్గర ప్రాణాల మీదికి తెచ్చేది చిన్న ఎర్రతేలు. సన్నటి డెక్కలు, లావుపాటి తోక దాని గుర్తు. పిల్లల్ని కుడితే గుండె మీద పనిచేస్తుంది. విపరీతమైన చెమట, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, నోట్లో నీళ్లూరడం, తర్వాత ఆయాసం. ఒకప్పుడు ఇలా చాలామంది పిల్లలు పోయేవాళ్లు. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ప్రాజోసిన్ అనే బీపీ మందుతో వీళ్లను కాపాడవచ్చని చూపించాక పరిస్థితి మారింది. ఈ మందు డాక్టరు బీపీ చూస్తూ ఇవ్వాల్సిందే, ఇంట్లో వేసేది కాదు.

ఇంట్లో చేయాల్సింది ఇంతే. కడగండి, ఐస్ పెట్టండి, కుట్టిన చేయో కాలో కదపకుండా ఉంచండి, బయల్దేరండి. పైన తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వద్దు. పిల్లలకు తేలు కుడితే, ఏ తేలైనా, లక్షణాలు కనిపించినా కనిపించకపోయినా ఆసుపత్రికే. గుండె మీది ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు. చేయిపెట్టవద్దన్న చోట చేయి పెట్టిన పిల్లవాడు తేలు కుట్టిన దొంగలా నోరు మెదపడు. కారణం లేకుండా చెమటలు కక్కుతూ వాంతులు చేసుకుంటుంటే అడిగి, వేళ్లు, పాదాలు వెతకండి. పెద్దవాళ్లలో చాలావాటికి నొప్పి కొన్ని గంటల్లో దానంతటదే దిగుతుంది. తేలు మంత్రానికి పేరొచ్చింది ఇందుకే.

జెర్రి కాటు నొప్పి ఎక్కువ, ప్రమాదం తక్కువ. దీనికి ఐస్ అయినా వేడి అయినా పనిచేస్తుంది. వేడి పెట్టేటట్టయితే 45 డిగ్రీలకు మించని నీళ్లలో ఆ భాగాన్ని 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. నొప్పిలో ఉన్న చేతికి వేడి సరిగ్గా తెలియదు, అందుకని రెండో చేతితోనో ఇంకొకరి చేతితోనో చూసి ముంచండి.

అన్నిటికంటే మోసం చేసేది రాత్రి నేల మీద పడుకున్నప్పుడు ‘ఏదో కుట్టింది, చీమై ఉంటుంది’ అనుకున్న కాటు. కట్లపాము కాటుకు నొప్పి ఉండకపోవచ్చు, వాపు రాదు, పళ్ల గుర్తు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం మొదలైతే అది పాము కాటే అనుకుని, పాము విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి. నేల మీద పడుకోక తప్పకపోతే దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకోండి. దోమతోపాటు పామునూ తేలునూ కూడా అదే ఆపుతుంది.

తేళ్లు రాకుండా చేయాల్సింది ఇంటి గోడకు ఆనించిన ఇటుకలు, కట్టెలు, పాత పెంకులు దూరంగా పెట్టడం, తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ బిగించడం, బూట్లు దులిపి వేసుకోవడం. తేలు ఒళ్లు అతినీలలోహిత కాంతిలో ఆకుపచ్చగా మెరుస్తుంది. పెరట్లో తేళ్లు తిరుగుతున్నాయన్న అనుమానం ఉంటే చీకటి పడ్డాక ఆ రకం టార్చి వేసి చూడండి, గోడ సందులో ఉన్నది కూడా దొరుకుతుంది.

మర్నాటి నుంచి

కుట్టిన చోట వాపు రెండో రోజుకు పెరగడం మామూలే. కొందరికి మోచేతి దాకా పాకి వారం ఉంటుంది కూడా. ఇది అలర్జీ వాపు, చీము కాదు, యాంటీబయాటిక్ అక్కర్లేదు. తేడా ఇలా చూడండి. అలర్జీ వాపులో దురద ఎక్కువ, మొదటి రోజే మొదలవుతుంది. చీము పట్టేది గోకిన తర్వాత, రెండు మూడు రోజులకు. నొప్పి పెరుగుతుంది, తాకితే వేడిగా ఉంటుంది, జ్వరం రావచ్చు. అనుమానం వస్తే ఎర్రబడ్డ చోటు అంచు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి టైము రాయండి. ఎరుపు ఆ గీత దాటి పాకుతూ నొప్పి పెరుగుతుంటే డాక్టరుకు చూపించండి. షుగరు ఉన్నవాళ్లు కాలి మీది కాటును గీత గీసుకుంటూ కూర్చోకుండా ముందే చూపించుకోవాలి.

పిల్లల గోళ్లు కత్తిరించడం ఏ లేపనానికీ తీసిపోని మందు. కొన్ని ఎర్రచీమలు కుట్టిన చోట మర్నాడు తెల్లటి చిన్న పొక్కు వస్తుంది, అందులో ఉన్నది చీము కాదు. చిదిమితేనే చీము పడుతుంది.

కుట్టనివి, కరిచినట్టు తెలియనివి

వానలు తగ్గే రోజుల్లో ట్యూబులైటు చుట్టూ తిరిగే సన్నటి పురుగు ఒకటుంది. సెంటీమీటరులోపు పొడవు, నారింజ నలుపు పట్టీలు, చీమకూ చెదపురుగుకూ మధ్య రకంగా ఉంటుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే మనం అరచేత్తో రాసి చంపుతాం, దాని ఒంట్లోని రసం చర్మానికి అంటుతుంది. మర్నాటికో ఆ మర్నాటికో అక్కడ గీత గీసినట్టు ఎర్రబడి మండుతూ నీటిపొక్కులు లేస్తాయి. మోచేతి మడతలో అయితే మడిచినప్పుడు తగిలిన రెండో వైపూ అచ్చు అలాంటి మచ్చే పడుతుంది. చాలామంది దీన్ని అక్కి అనుకుని మంత్రం వేయించుకుంటారు, ఎర్రమన్ను పూయించుకుంటారు. ఆ పురుగు ఒంటి మీద కనబడితే ఊదండి, లేదా కాగితం మీదికి ఎక్కించి పారేయండి. నలిపేసి ఉంటే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోవద్దు. పడుకునే గదిలో లైటు త్వరగా ఆర్పడం, కిటికీకి సన్నటి జాలీ వేయడం దీనికి అడ్డు.

మునగచెట్టు కాండానికి గుంపుగా అంటుకునే గొంగళిపురుగుల నూగు తగిలితే కడగడానికి ముందు సెల్లోటేపు అంటించి లాగండి, నాలుగైదుసార్లు, ప్రతిసారీ కొత్త ముక్కతో. నూగు దాంతో ఊడివస్తుంది. రుద్దితే మరింత లోపలికి దిగుతుంది. తర్వాత సబ్బు, ఐస్.

కుక్క నుంచో పశువు నుంచో పిడుదు పట్టుకుంటే సన్నటి చిమటాతో చర్మానికి ఆనించి, దాని తల దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగండి. అగరుబత్తితో కాల్చడం, నూనె పోయడం వద్దు. చేలల్లో, పొదల్లో తిరిగినవాళ్లకు వారం పది రోజుల తర్వాత విడవని జ్వరం వస్తే ఒళ్లంతా వెతకండి. చంకలు, గజ్జలు, నడుము, రొమ్ముల కింద. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎరుపు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ (పొదల్లో ఉండే, కంటికి ఆననంత చిన్న పురుగు కుట్టడంతో వచ్చే జ్వరం) కావచ్చు. నొప్పి, దురద లేకపోవడంతో అది ఉందన్న సంగతి రోగికే తెలియదు, అందరికీ కనబడదు కూడా. డాక్టరుకు చూపించండి. డాక్సీసైక్లిన్‌తో త్వరగా తగ్గే జబ్బు ఇది, ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా పోతుంది.

దోమలు

మందులకు పెట్టే డబ్బులో సగం ఇంట్లో నిలవ నీళ్లు వెతకడానికి పెట్టే సమయంతో మిగులుతుంది. డెంగీ దోమ పగలు కుడుతుంది, మంచినీళ్లలోనే పెరుగుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి మన వాతావరణంలో 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికొకసారి ‘ఫ్రైడే డ్రైడే’ అనడంలో లెక్క అదే. కానీ చాలామంది నీళ్లు పారబోసి అక్కడితో ఆపేస్తారు. గుడ్లు నీటి అంచు దగ్గర గోడకు అంటుకుని ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ నీళ్లు పోయగానే పొదుగుతాయి. పారబోశాక పీచుతో గోడ రుద్ది, బోర్లించి ఆరబెట్టండి.

వెతకాల్సిన చోట్లు: కూలరు అడుగు, ఫ్రిజ్ వెనక కింది ట్రే, మనీప్లాంట్ సీసా, పూలకుండీల కింది పళ్లేలు, డాబా మీద పాత టైర్లు, కొబ్బరిచిప్పలు, మూత సరిగ్గా పడని సింటెక్స్ ట్యాంకు, కట్టుబడి జరుగుతుంటే క్యూరింగ్ నీళ్లు. అందరూ మరిచేది సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం. దాని నోటికి నైలాన్ జాలీ కట్టండి. రాత్రి చెవి దగ్గర గుయ్‌మనే దోమల్లో చాలావరకు ఆ మురికినీటివే.

సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా తలుపులు, జాలీ లేని కిటికీలు మూసి ఉంచండి. కాయిల్ పొగ మూసిన గదిలో ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఆస్తమా ఉన్న ఇంట్లో అసలే వద్దు. వేపాకు పొగకూ ఇదే వర్తిస్తుంది. లిక్విడ్ మెషీన్‌ను అరగంట ముందే పెట్టండి, గాలి ఆడేలా ఒక కిటికీ కాస్త తీసి ఉంచండి. దాని రీఫిల్‌లో ఉండేది కిరోసిన్ జాతి ద్రవం. పిల్లలు తాగితే వాంతి చేయించకండి, వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు ప్రమాదం. ఉప్పునీళ్లు పట్టించకుండా నేరుగా ఆసుపత్రికి.

పూత క్రీము కొనేటప్పుడు వెనక చూడండి. ఓడోమస్‌లో ఉండేది 12 శాతం డైఇథైల్ బెంజమైడ్. డీట్ అనే మరో దోమల మందు ఉన్న రకాల్లో అది 20 నుంచి 30 శాతం ఉన్నవి ఎక్కువ సేపు పనిచేస్తాయి. క్రీము పూసిన చోట మాత్రమే కాపాడుతుంది. మోచేతికి రాసి మడమ వదిలేస్తే దోమ మడమ మీదే వాలుతుంది. సన్‌స్క్రీన్ రాసేవాళ్లు అది ముందు, ఇది తర్వాత. పిల్లల అరచేతులకు, కళ్ల దగ్గర, నోటి దగ్గర రాయకండి. రెండు నెలల లోపు బిడ్డకు ఏ క్రీమూ వద్దు, దోమతెర చాలు. ఆ వయసు పిల్లల ఛాతీకి కర్పూరం రాయడం, బట్టల్లో కలరా ఉండలు వేయడం కూడా మానండి. కర్పూరం మూర్ఛ తెప్పించగలదు, కలరా ఉండల్లోని నాఫ్తలిన్ కొందరు పసిపిల్లల్లో రక్తకణాల్ని చిట్లిస్తుంది.

ఫ్యాను పెద్ద వేగంలో పెట్టడం కూడా చిన్న మందేమీ కాదు. దోమ బలహీనంగా ఎగిరేది, గాలికి నిలవలేదు.

దోమల కాలంలో జ్వరమొస్తే పారాసెటమాల్ ఒక్కటే. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వేసుకుంటే, డెంగీ అయిన పక్షంలో రక్తస్రావానికి దారి తీస్తాయి. గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకుండా డాక్టరును అడగాలి.

చీమలు, నల్లులు

చీమల బారును తుడిస్తే రెండు గంటలకు మళ్లీ వస్తుంది, ఎందుకంటే అవి వేసుకున్న వాసన దారి అలాగే ఉంటుంది. సబ్బునీళ్లతో ఆ దారి మొత్తం కడగండి. పుట్టను దెబ్బ తీయాలంటే ఎర పెట్టాలి: 100 మి.లీ. నీళ్లు, 10 గ్రాముల పంచదార, 1 గ్రాము బోరిక్ పౌడరు. కలిపి దూదికి పట్టించి బారు పక్కన పెట్టండి. పౌడరు ఎక్కువేస్తే పని చెడుతుంది, చీమ దారిలోనే చచ్చిపోతుంది, మందు పుట్ట దాకా చేరదు. మొదటి రెండు రోజులు చీమలు ఇంకా ఎక్కువగా వస్తాయి, అప్పుడు తుడిచేయకండి. పిల్లలకు, పిల్లికి అందని చోట పెట్టాలి. చీమల చాక్‌పీసు కూడా పురుగుమందే, పలక దగ్గర వదలకండి.

తెల్లవారేసరికి ఒంటి మీద మూడు నాలుగు దద్దుర్లు ఒకే వరుసలో ఉంటే నల్లులేమో చూడండి. పరుపు అంచు కుట్టు, మంచం కీళ్లు, గోడకున్న ఫోటో వెనక నల్లటి చుక్కలు కనిపిస్తాయి. దుప్పట్లు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. చెక్క మంచం విప్పి కీళ్లలో మరిగే నీళ్లు పోయండి. పరుపును మే ఎండలో వేసినా పైపొరే వేడెక్కుతుంది, లోపలివి బతుకుతాయి. అందుకని కుట్లన్నీ స్టీమరుతో నెమ్మదిగా పట్టాలి. స్ప్రేలకు చాలాచోట్ల నల్లులు అలవాటుపడ్డాయి, కిరోసిన్ పోస్తే ఇల్లు తగలబడే ప్రమాదం. వేడి పెట్టడం ఒక్కసారితో ఆపితే గుడ్లు పొదిగి మళ్లీ మొదలవుతుంది. పది రోజులకోసారి మరో రెండుసార్లు చేయండి. హాస్టల్ నుంచో లాడ్జి నుంచో వచ్చిన బ్యాగును మంచం మీద పెట్టకుండా బాత్రూములోకి తీసుకెళ్లి, బట్టలు నేరుగా వేడినీళ్ల బకెట్లో వేసి, ఖాళీ బ్యాగు కుట్లు టార్చి వేసి చూశాకే లోపల పెట్టండి.